ఎంత వెలుతురు కావాలి

చీకటిగా ఉన్న గదిలో కూర్చున్న మనుషుల్ని ఆయిల్స్‌లో వెయ్యాలని ప్రయత్నిస్తే మొదటి పది నిమిషాల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. గదిలో ఉన్న వెలుతురు ఆ మనుషులకి సరిపోతుంది. దాంట్లోనే అన్నం తింటారు, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తారు, కబుర్లు చెప్పుకుంటారు. సరిపోనిది బొమ్మ వేసేవాళ్లకే. పాలెట్ మీద ప్రష్యన్ బ్లూ ఏదో, బర్న్ట్ అంబర్ ఏదో, నలుపు ఏదో తెలియదు. మూడూ మూడు నల్లటి ముద్దలు. సరే అని పాలెట్ పక్కన ఒక చిన్న లైటు పెట్టుకుంటాం. రంగులు కనపడతాయి. తలెత్తి చూస్తే ఎదురుగా ఉన్న మనుషులు మాయం. కన్ను లైటుకి అలవాటు పడిపోయింది, ఇందాకటి మసక ఇప్పుడు వట్టి నలుపు. లైటు తీసేస్తే మనుషులు మెల్లగా తిరిగొస్తారు, రంగులు పోతాయి.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. అక్కడే కూర్చుని పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసుకుని, రంగులు పగలు ఇంట్లో వేసుకోవచ్చు. పాలెట్ మీద ఏ రంగు ఏ మూల ఉందో చెయ్యికి గుర్తుండేలా అలవాటు చేసుకోవచ్చు. ఇప్పుడైతే ఫోన్ ఉంది. ఇవన్నీ క్లాసులో నేర్పిస్తారు. ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది. ఎదుటివాళ్లకి సరిపోయిన వెలుతురు, చూడటానికొచ్చిన మనకి ఎందుకు చాలదు? ఆ చాలని భాగాన్ని మనం ఎవర్ని అడిగి తెచ్చుకుంటున్నాం?

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది మా అమ్మమ్మ వంటింట్లో. ఆ సంగతికి వస్తాను. ముందు, నూట నలభై ఏళ్ల కిందట ఇదే చిక్కులో దిగినాయన గురించి చెప్పాలి.

1885 వసంతంలో విన్సెంట్ వాన్ గో నెదర్లాండ్స్ దక్షిణాన న్యూనెన్ అనే పల్లెలో ఉన్నాడు. ముప్పై రెండేళ్లు. తండ్రి ఆ ఊళ్లోనే పాస్టరు, ఆ మార్చి నెలలోనే చనిపోయాడు. మనకి తెలిసిన వాన్ గో, పొద్దుతిరుగుడు పూల పసుపూ సుడులు తిరిగే ఆకాశమూ, ఇంకా పుట్టలేదు. ఇక్కడ ఉన్నవాడు బురద రంగుల వాన్ గో. ఆ చలికాలమంతా రైతుల ముఖాలు వేశాడు, ఒకటీ రెండూ కాదు, దాదాపు నలభై. ఎక్కువ మంది ఆ ఊరి బీదవాళ్లే. వాళ్లలో డె గ్రూట్ అనే కుటుంబం ఒకటి. సాయంత్రం పని అయ్యాక ఒకే బల్ల చుట్టూ చేరి, పైనుంచి వేలాడే ఒక చిన్న నూనె దీపం కింద, ఒకే పళ్లెంలోంచి ఉడికిన బంగాళాదుంపలు తినేవాళ్లు. 'బంగాళాదుంపలు తినేవాళ్లు' అన్న పెద్ద కాన్వాసు అలా పుట్టింది. 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 వెడల్పు. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డాంలో వాన్ గో మ్యూజియంలో ఉంది.

ఆయన తమ్ముడు తియోకి రాసిన ఉత్తరాల్లో ఈ బొమ్మ పని రోజువారీ లెక్కలా కనపడుతుంది. ఆ గుడిసెకి పదేపదే వెళ్లాడు. పగటి వెలుతురులో మొదలుపెట్టిన స్కెచ్చుని దీపం కింద కూడా కొనసాగించాడు. చివరి కాన్వాసుని మాత్రం చాలావరకు గుర్తుంచుకున్నదాన్ని బట్టి స్టూడియోలో వేశాడు. అంతకు ముందు స్కెచ్చులు, స్టడీలు, ఒక లితోగ్రాఫు. ఉత్తరాల్లో నాకు బాగా నచ్చేది రంగుల సంగతి. ముఖాలకి మొదట ఎల్లో ఓకరు, రెడ్ ఓకరు, తెలుపు కలిపి మామూలు చర్మం రంగు వేశాడట. చూసుకుంటే మరీ తెల్లగా ఉన్నాయి, అబద్ధంగా ఉన్నాయి. జాలి లేకుండా అన్నిటి మీదా మళ్లీ వేశాడు. ఈసారి రంగు, మట్టి అంటిన, తొక్క తియ్యని బంగాళాదుంప రంగు.

ఈ ఒక్క పనిలో, ఆ చిక్కుకి ఆయన ఇచ్చుకున్న జవాబు ఉందనుకుంటాను. చర్మం రంగు అనేది పగటిపూట రంగు. డె గ్రూట్ వాళ్ల ముఖాలు పగలు అలాగే ఉంటాయి, అది ఆయనకి తెలుసు, నలభై సార్లు వేశాడు. ఆ తెలిసినదాన్ని తీసుకొచ్చి దీపం కింద ముఖాలకి పూస్తే, మనుషులు చీకట్లో ఉండరు. చీకటి గోడ ముందు పగటి మనుషుల్ని అతికించినట్టుంటుంది. తనకి తెలిసిన వెలుతురుని తనే తీసేసుకోవాలి. బొమ్మ వేసేవాడికి ఇది చాలా కష్టం, ఎందుకంటే తెలిసిందంతా చూపించాలని చెయ్యి లాగుతుంటుంది.

ఇక్కడ ఆయిల్ రంగులు కొంత సాయం చేస్తాయి, ఒక్క పేరా ఓర్చుకోండి. ట్యూబులోంచి నలుపు తీసి అలాగే పూస్తే కాన్వాసుకి కన్నం పడ్డట్టు ఉంటుంది. నీలాన్నీ అంబర్‌నీ కలిపి పల్చగా, ఒక పొర మీద ఇంకో పొర వేస్తూ పోతే, ఆ నలుపులోకి చూపు వెళ్తుంది. వెలుతురు పడే చోట మాత్రం రంగు మందంగా. ఆయిల్ రోజుల తరబడి ఆరదు కాబట్టి భుజం ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో తెలియకుండా బ్రష్షుతో కలిపెయ్యొచ్చు. మసకలో మనుషులకి అంచులుండవు. ఆ అంచుల్ని వదులుకోనిస్తుంది కాబట్టే ఈ పనికి ఆయిల్స్ కావాలి. ఒక ఇబ్బంది కూడా ఉంది. ఆరాక ముదురు రంగుల్లోని నూనెని అక్కడక్కడా కింది పొర పీల్చేసుకుని అవి పాలిపోతాయి. ఒక చోట నిగనిగ, ఇంకో చోట బూడిద పూసినట్టు. చీకటి గదిని వేసిన బొమ్మని ఎండలో నిలబెడితే ముందు కనపడేవి ఆ మచ్చలే.

కంటి సంగతి ఇంకా వింతగా ఉంటుంది. వెలుతురులోంచి చీకట్లోకి వస్తే కన్ను పూర్తిగా సర్దుకోవటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. కంటి వెనక తెరలో రంగుల్ని పట్టుకునే కణాలు వేరు, మసక వెలుతురులో పనిచేసేవి వేరు. మనం ఒకదాన్ని సూటిగా చూసినప్పుడు వాడే నడిమధ్య చోట ఈ రెండో రకం కణాలు అసలు లేవు. అందుకే బాగా చీకట్లో దేన్నైనా నేరుగా చూస్తే అది పోతుంది. కొంచెం పక్కకి చూస్తే కనపడుతుంది. నక్షత్రాలు చూసే అలవాటున్నవాళ్లకి ఇది తెలుసు. రంగుల్లో ఎరుపు ముందు చచ్చిపోతుంది, నీలమూ ఆకుపచ్చా ఇంకాసేపు నిలబడతాయి. అంటే ఒక మసక గదిలో మనుషుల్ని చూడాలంటే అరగంట ఊరికే కూర్చోవాలి. గుచ్చి గుచ్చి చూడకూడదు. మర్యాద నేర్పించే పెద్దవాళ్లు చెప్పినట్టే ఉంది కదా? అయినా దీన్ని నీతిపాఠంగా చెయ్యను, కంటి నిర్మాణానికి మర్యాద తెలియదు.

వాన్ గో ఆ అరగంటలు కూర్చున్నాడు. అందులో నాకు అనుమానం లేదు. అయితే కూర్చున్నంత మాత్రాన హక్కు వచ్చేసినట్టేనా?

ఆయన గురించి రాసేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి గొంతు గద్గదం చేసుకుంటారు. పేదల చిత్రకారుడు, కరుణామూర్తి. ఉత్తరాలు చదివితే బొమ్మ అంత సాఫీగా లేదు. మోడళ్లని ఆయన ఏరుకున్నాడు. మొరటు ముఖాలు, పొట్టి నుదుళ్లు, దళసరి పెదాలు కావాలనుకున్నాడు. ఆ ఊళ్లో సన్నటి ముఖాలవాళ్లూ ఉండే ఉంటారు, వాళ్లు ఈ బొమ్మకి పనికిరారు. నాగరికులమైన మన బతుకుకి పూర్తిగా వేరైన బతుకుని ఈ బొమ్మ గుర్తుచెయ్యాలని కూడా తియోకి రాశాడు. ఆ 'మన'లో డె గ్రూట్ వాళ్లు లేరు. వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నాడు గానీ, రాసేటప్పుడు తమ్ముడి బల్ల వైపు కూర్చుని రాశాడు. అదే ఉత్తరంలో, పళ్లెంలో పెట్టిన ఆ చేతులతోనే వాళ్లు నేల తవ్వారనీ, ఆ తిండిని నిజాయితీగా సంపాదించుకున్నారనీ కూడా ఉంది. రెండూ ఆయనే. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే మనకి సుఖంగా ఉంటుంది, అంతే.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. బొమ్మలో కనిపించే ఆ ఇంటి ఆడపిల్ల గోర్డినా, పెళ్లి కాకుండా గర్భవతి అయింది. ఊరు వాన్ గోని అనుమానించింది. తను కాదని ఆయన చెప్పుకున్నాడు, అసలు సంగతి ఆ అమ్మాయే తనకి చెప్పిందని తియోకి రాశాడు. ఊళ్లో కేథలిక్ ఫాదరీ మాత్రం తన మందలోని వాళ్లెవరూ ఇతని ముందు కూర్చోవద్దన్నాడు. అక్కడితో ఆగలేదు, బొమ్మ వేయించుకోకుండా ఉంటే డబ్బులిస్తానన్నాడట. దానికి ఆ జనం, నీ దగ్గర అడుక్కోవటం కన్నా అతని దగ్గర సంపాదించుకోవటమే నయం అన్నారని వాన్ గో రాశాడు. ఆ ఉత్తరాలన్నిట్లోనూ ఆ గుడిసెల వైపు నుంచి నా చెవిన పడి, అలాగే ఉండిపోయిన మాట ఇదొక్కటే. అందులో కళ లేదు, కరుణ లేదు. కూలి ఉంది. కూర్చోవటం ఒక పని, దానికి డబ్బు. ఆ లెక్క వాళ్లకి స్పష్టంగా ఉంది. నవంబరులో వాన్ గో ఊరు వదిలి ఆంట్వెర్ప్ వెళ్లిపోయాడు. గోర్డినా అప్పటికి బిడ్డని కని, ఆ ఊళ్లోనే ఉంది. చిత్రకారుడికి వెళ్లటానికి ఇంకో ఊరుంటుంది.

బొమ్మ చూసి మొదట గట్టిగా తిట్టినవాడు స్నేహితుడే, అంతోన్ వాన్ రాపార్డ్. అతనికి వాన్ గో పంపింది లితోగ్రాఫు. ఆ వెనకామె చెయ్యి ఏమిటలా ఉంది, ఆ మగమనిషికి మోకాలూ పొట్టా ఊపిరితిత్తులూ ఉండక్కర్లేదా, ఇంత తేలిగ్గా పని చేసేవాడివి మిల్లే పేరు ఎలా ఎత్తుతావ్, ఇదీ ధోరణి. వాన్ గో ఆ ఉత్తరాన్ని మడిచి తిప్పి పంపేశాడు. స్నేహం మళ్లీ అతకలేదు. రాపార్డ్ చెప్పినవి చాలావరకు నిజమే, ఆ మనిషికి నిజంగానే మోకాలు లేదు. కానీ అది పగలు, బల్ల మీద కాగితం పరుచుకుని చూసిన నిజం. రంగుల్లేని ఆ ముద్రలో దీపం లేదు, కేవలం నల్లగీతలున్నాయి. అతను అడిగిన ప్రశ్నలు, ఆ గుడిసెలో కూర్చున్నవాడికి తోచవు. అక్కడ బల్ల కింద ఏముందో ఎవరికీ కనపడదు.

నేను మాత్రం ఏం చేశాను? ఆమ్‌స్టర్‌డాం వెళ్లలేదు. బొమ్మని చూసిందంతా ఫోన్‌లో, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, రెండు వేళ్లతో ముఖాల్ని సాగదీసి. వాన్ గో తన బొమ్మని బంగారు ఫ్రేములో గానీ, పండిన గోధుమ చేను రంగు గోడ మీద గానీ పెట్టాలని, వేరేలా చూడొద్దని తియోని బతిమాలాడు. నా ఫోన్‌లో ఆ బొమ్మ చుట్టూ ఉన్నది డార్క్ మోడ్.

వెలుతురు కొనుక్కోవటం మనతో మొదలైంది కాదులెండి. రోములో సాన్ లుయీజీ దెయి ఫ్రాంచేజీ చర్చిలో కరవాజ్జో వేసిన 'మత్తయి పిలుపు' ఉంది, 1599-1600 నాటిది. చీకటి గదిలో బల్ల చుట్టూ కూర్చుని కొందరు డబ్బులు లెక్కపెట్టుకుంటుంటారు, పక్కనుంచి వెలుతురు పడుతుంది. ఆ చర్చిలో ఏళ్ల తరబడి ఒక పెట్టె ఉండేది, దాంట్లో నాణెం వేస్తే కాసేపు బొమ్మ మీద లైటు వెలుగుతుంది. ఆరిపోయాక ఎవరో ఇంకో నాణెం వెయ్యాలి. డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లని చూడటానికి డబ్బు. ఎవరైనా వేస్తారేమో అని మిగతా యాత్రికులు చీకట్లో ఎదురుచూస్తుంటారట. ఆ ఎదురుచూసేవాళ్లే ఆ బొమ్మని దాని వెలుతురులో చూస్తున్నారేమో.

ఇప్పుడు అమ్మమ్మ.

ఊరు నరసరావుపేటకి దగ్గర. పెంకుటిల్లు, వెనక వైపు వంటిల్లు, దానికి ఒకటే కిటికీ. కిటికీ అవతల గేదెల కొట్టం పడ్డాక వచ్చే వెలుతురు కూడా సగమైంది. గ్యాస్ వచ్చి ఎన్నో ఏళ్లయినా నీళ్లు కాగేది కట్టెల పొయ్యి మీదే, దూలాలు పొగకి నిగనిగలాడుతుంటాయి. సాయంత్రం అక్కడ వెలిగేది జీరో బల్బు. జీరో అని పేరే గానీ అది పన్నెండు, పదిహేను వాట్లు తాగుతుంది, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ పెట్టుకుంటే కరెంటూ మిగులుద్ది, ఇల్లూ వెలుగుద్ది అని నేను చెప్పి చూశాను. "అది కళ్లల్లో పొడిచినట్టుంటదే" అంది. ఆ జీరో బల్బు కింద అమ్మమ్మా, పెద్దమ్మా కూర్చుని కందికాయలు ఒలుస్తారు. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోరు, చేతులు చూసుకోరు. గింజలు చేటలో పడ్డ చప్పుడుని బట్టి పని నడుస్తుంటుంది. పొయ్యిలో కట్టె కదిపినప్పుడు అమ్మమ్మ చెంప ఒక వైపు ఎర్రబడి మళ్లీ పోతుంది. రెండేళ్లుగా ఆయిల్స్ నేర్చుకుంటున్నది ఈ ఒక్క బొమ్మ కోసమే అనిపించేది నాకు.

మొదట ఫోటో తీశాను. ఫోన్ రెండు మూడు సెకన్లు కదలకుండా పట్టుకోమంది, తర్వాత చూపించినదాంట్లో వంటిల్లు సాయంత్రం నాలుగింటికి వసారా ఉన్నట్టుంది. నేను చూడని గోడ, గోడ మీద నూనె మరకలు, డబ్బాల మీద పేర్లు, అమ్మమ్మ చీర చిరుగు. అక్కడ కూర్చున్న ముగ్గురిలో ఎవరికీ కనపడని వాటినన్నిటినీ ఆ ఫోన్ ఏరుకొచ్చింది. నేను చిరుగు దగ్గర ఆగిపోయాను. పక్కనే కూర్చుని గంటసేపు చూసినా నా కంటపడలేదది. ఆమె ఆ చీర కట్టుకుని అక్కడ కూర్చోగలిగింది కూడా ఆ వెలుతురులో అది కనపడదనే. ఫోటో తుడిపేశాను.

బొమ్మ వేస్తానని చెబితే అమ్మమ్మ చాలా సంతోషపడింది. ఎక్కడ వేస్తానో చెప్పేదాకా.

"ఈ చీకటికొంపలోనా? ఎందుకే? మీ సార్లకి చూపిచ్చి మా అమ్మమ్మ ఇట్టా బతికిద్దని చెప్పటానికా?"

అలా కాదు, ఇక్కడ నువ్వు బాగుంటావు అన్నాను.

"బాగుండటానికి ఏం కనపడిద్ది ఇక్కడ? పగలు వెయ్యి. వసారాలో కుర్చీ వేసుకుని కూచుంటా, ఆ మెరూన్ పట్టుచీర కట్టుకుంటా. మీ తాత ఫోటో పక్కన పెట్టటానికన్నా పనికొచ్చిద్ది."

మరి నువ్వు రోజూ కూర్చునేది ఇక్కడే కదా, ఈ వెలుతురే నీకిష్టం కదా అంటే, "నాకు సరిపోయింది. నువ్వొచ్చి చూస్తానంటే సరిపోవటంలా" అంది. చేట ఎత్తుకుని లేచిపోయింది.

ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. అమ్మమ్మకి చీకటంటే సిగ్గు లేదు. ఎల్ఈడీ వద్దన్నది ఆమే. ఆమె అభ్యంతరం చీకట్లో ఉండటానికి కాదు, చీకట్లో ఉన్నట్టు కనపడటానికి. ఆమె ఎన్నడూ మ్యూజియం గడప తొక్కలేదు. అయినా మసక గది, పొయ్యి, వంగి కూర్చున్న ముసలామె అనగానే ఆ బొమ్మ చూసేవాళ్ల నోట్లోంచి 'అయ్యో' అని వస్తుందని ఆమెకి తెలుసు. ఆ 'అయ్యో'ని మనకి అలవాటు చేసినవాళ్లలో సినిమాలున్నాయి, పత్రికల్లో ఫోటోలున్నాయి, వాన్ గో కూడా ఉన్నాడు. డె గ్రూట్ వాళ్లు పేదవాళ్లు కాబట్టి ఆ బొమ్మ చీకటిగా ఉంది అనుకుంటాం. ఆ బొమ్మ తర్వాత, చీకటిగా ఉన్న గదుల్లో వాళ్లంతా పేదవాళ్లైపోయారు.

దీపం కింద ఆడమనిషి అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చే బొమ్మ వేరే ఉంది. హల్దంకర్ వేసిన, చేత్తో దీపానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ స్త్రీ. మైసూర్ జగన్మోహన్ ప్యాలెస్‌లో ఉంది, చాలామంది రవివర్మది అనుకుంటారు. అది నీటిరంగుల్లో వేశాడంటే నమ్మబుద్ధి కాదు. అందులో దీపం ఆమె వేళ్ల సందుల్లోంచి ఎర్రగా మెరుస్తుంది, ముఖం నిండుగా వెలుగుతుంది. ఆ మోడల్ హల్దంకర్ కూతురే. చుట్టూ చీకటి ఉన్నా ఆమె మీద ఎవరికీ జాలి కలగదు. చీకటిని ఆమె అందం కోసం తెచ్చి పెట్టారు, పని అయ్యాక తీసుకెళ్లిపోతారు. అమ్మమ్మ ఈ బొమ్మనైతే ఒప్పుకునేది.

నాలాంటి వాళ్లకి చీకటి మీద మోజుంది, అది ఒప్పుకోవాల్సిందే. పెద్ద లైటు ఆర్పేసి మూలన పసుపు లైటు వెలిగించుకుని పుస్తకాలు చదువుకునే తరం మాది. జునిచిరో తనిజాకి నీడల మీద రాసిన వ్యాసం, 1933 నాటిది, మా స్నేహితుల్లో చదవనివాళ్లు తక్కువ. పాత జపాన్ ఇళ్లలోని మసకనీ, ఆ మసకలో లక్క పాత్రల మెరుపునీ ఆయన వర్ణించిన తీరుకి ఎవరైనా ఇంట్లో ట్యూబ్‌లైటు పీకేస్తారు. ఆయన భార్య చెప్పిన ఒక సంగతి ఉంది. తనిజాకి కొత్త ఇల్లు కట్టించుకోబోతే ఆర్కిటెక్టు వచ్చి, మీ వ్యాసం చదివానండీ, మీకెలాంటి ఇల్లు కావాలో నాకు తెలుసు అన్నాడట. అబ్బే, అలాంటి ఇంట్లో నేను ఉండలేను అన్నాడట తనిజాకి. ఇది చదివి నవ్వుకున్నాను గానీ, అమ్మమ్మ దీనికి సరిగ్గా తిరగేసిన మనిషి. ఆమె అలాంటి ఇంట్లో ఉంటుంది, దాని గురించి వ్యాసం మాత్రం రాయొద్దంటుంది. (రాశాను. ఊరి పేరు మార్చలేదు గానీ అక్కడ ఇలాంటి అమ్మమ్మలు చాలామంది.)

వసారా బొమ్మ వేశాను. మార్గశిరం ఎండ, మెరూన్ పట్టుచీర, చేతిలో రుమాలు. మూడు ఉదయాలు కూర్చుంది, కదలకుండా, ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుని. ఆ మెరూన్ కుదరటానికి నానా తంటాలూ పడ్డాను. వంటింట్లో ఆ చీర దాదాపు నల్లగా కనపడేది, ఆమెకి కావాల్సిన రంగు ఎండలోనే ఉంది. ముక్కు లావుగా వేశావంది. అయినా తాతయ్య ఫోటో పక్కన మేకు కొట్టించింది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తోందట. దాంట్లో ఆమె నాకు తెలిసిన అమ్మమ్మ కాదు, పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చునే అమ్మమ్మ. ఆమె అలాగే కనపడాలనుకుంది, ఆమె ముఖం మీద ఆమెకి ఆ మాత్రం అధికారం ఉందనే అనుకుంటున్నాను.

ఆ పూటల్లోనే, రోజూ సాయంత్రాలు వంటింట్లో కూర్చున్నాను. బ్రష్షు, కాగితం, ఫోన్ ఏవీ లేకుండా. నేనూ కందికాయలు ఒలిచాను. హైదరాబాద్ వచ్చాక, గుర్తున్నంతవరకే, ఇంకో కాన్వాసు మొదలుపెట్టాను. ఇద్దరు ఆడవాళ్లు, ఒక చేట, పైన బల్బు చుట్టూ కాస్త పసుపు. కళ్లు వెయ్యలేదు, అక్కడ కూర్చున్నన్నాళ్లూ నాకు ఆమె కళ్లు కనపడలేదు. చిరుగు వెయ్యలేదు. నేను ఇప్పటిదాకా వేసినవాటిలో ఇది మెరుగైనదని నాకు తెలుసు, అదే ఇబ్బంది.

క్లాసులో ఒకబ్బాయి అన్నాడు, నువ్వు అడగాల్సిన పని లేదు, అందరూ అడిగి వేసి ఉంటే ప్రపంచంలో సగం మంచి బొమ్మలు ఉండేవి కావు అని. నిజమే కావచ్చు. 'బంగాళాదుంపలు తినేవాళ్లు' లేని ప్రపంచాన్ని నేనూ కోరుకోను. కానీ గోర్డినాని ఇప్పుడు అడగలేం కాబట్టి ఆ బొమ్మ విషయంలో మనకి ఆ సుఖం ఉంది. అమ్మమ్మ ఫోన్ ఎత్తుతుంది. ముఖం కనపడని బొమ్మ ఎవరిదైనా కావచ్చు కదా అని కూడా అన్నాడతను. వాన్ గో బొమ్మలో ముందు వైపు ఒక పిల్ల మనకి వీపు చూపించి నిలబడి ఉంటుంది, దుంపల ఆవిరి ఆమె చుట్టూ వెలుగులా లేస్తుంటుంది. ఆ ఐదుగురిలో ఆ పిల్ల ఒక్కతే మన నుంచి తప్పించుకుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. అమ్మమ్మ మాత్రం అలా తప్పించుకోలేదు. ఆ కూర్చునే తీరు చూసి మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

సంక్రాంతికి తీసుకెళ్లి చూపిస్తాను. వద్దంటే దాని మీద తెలుపు కొట్టి ఇంకోటి వేసుకుంటాను, అంతవరకు తేల్చుకున్నాను. ఇంకా పూర్తిగా ఆరలేదు, నలుపు కలిపిన చోట్ల వేలు పెడితే అంటుకుంటోంది. బస్సులో ఎలా పట్టుకెళ్లాలో చూడాలి. వెళ్లాక ఏం జరుగుతుందో మాత్రం తెలుసు. ఆమె దాన్ని వంటింట్లో చూడదు. కళ్లజోడు పెట్టుకుని, రెండు చేతులతో ఎత్తుకుని వసారాలోకి, ఎండలోకి తీసుకెళ్తుంది.